కళ్ళు తిప్పితే భయం పోతుందా?

మా మోమిన్‌పేట్ వైపు చిన్నపిల్లలు దేన్నన్నా చూసి భయపడి, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తూ, సరిగ్గా అన్నం తినకుండా ఉంటే "పిలగాడు జడుసుకున్నడు" అంటారు. జడుసుకుంటే దవాఖానాకి తీసుకెళ్ళరు. దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టిస్తారు, లేదంటే ఎవరో పెద్దావిడ చేత దిష్టి తీయిస్తారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పొలం బావిలోంచి ఒక మనిషి శవాన్ని పైకి తీస్తుంటే పెద్దవాళ్ళ మధ్యలో దూరి చూశా. ఆ తర్వాత చాలా రోజులు చీకటి పడితే వాకిట్లోకి కూడా వెళ్ళేవాణ్ణి కాదు. మా నాయనమ్మ తీసుకెళ్ళి నల్లదారంతో తాయెత్తు కట్టించింది. నెల తిరక్కుండా తగ్గిపోయింది. తాయెత్తు వల్ల తగ్గిందా, తగ్గే టైముకి తాయెత్తు కట్టారా అని అడిగే వయసు కాదు నాది.

ఆ ప్రశ్న అడిగే వయసూ చదువూ వచ్చాక ఒకసారి అడిగాను. కానీ జవాబు వెతక్కుండానే తీర్పు చెప్పేశాను. దాని ఫలితం అనుభవించింది నేను కాదు, మా తమ్ముడు. ఈ టపా ఆ సంగతి గురించే.

తమ్ముడంటే మా చిన్నమ్మ కొడుకు. ట్రాలీ ఆటోలో కూరగాయలు వేసుకుని హైదరాబాద్ మార్కెట్‌కి తీసుకెళ్ళేవాడు. 2017 డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున కొత్తిమీర లోడుతో పోతుంటే ఎదురుగా లారీ వచ్చి గుద్దింది. పక్క సీట్లో కూర్చున్న దోస్తు అక్కడికక్కడే పోయాడు. వీడికి చెయ్యి విరిగింది, అంతే. ఆ "అంతే" అన్నది మేమందరం. "దేవుని దయ, చెయ్యితోని పోయింది" అని వచ్చిన చుట్టమల్లా అన్నారు.

చెయ్యి అతుక్కుంది. కట్టు విప్పాక తెలిసింది అసలు సంగతి. రాత్రి మూడింటికి లేచి కూర్చునేవాడు. ఎదురుగా బండి లైట్లు పడితే పక్కనున్నవాళ్ళ చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. బండి తాళాలు తీసుకెళ్ళి గోలెంలో పడేశాడు. అన్నిటికంటే విచిత్రం, కొత్తిమీర వాసన వస్తే కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవాడు. చిన్నమ్మకి కారణం అర్థమవడానికి రెండు నెలలు పట్టింది. అప్పట్నుంచీ వాళ్ళింట్లో కూరలో కొత్తిమీర బంద్.

చెయ్యి చూసిన డాక్టరు గారు ఎక్స్‌రే బావుందన్నారు, నిద్రమాత్రలు రాసిచ్చారు. చివరికి 2018 ఏప్రిల్‌లో నా కొలీగ్ ఒకాయన చెబితే హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ రెండుసార్లు మాట్లాడి ఇది పీటీఎస్‌డీ అన్నారు. ప్రమాదం అయిపోయినా అది ఇంకా జరుగుతూనే ఉన్నట్టు బుర్రా ఒళ్ళూ ప్రవర్తించడం అన్నమాట. అమెరికా సైకియాట్రిస్టులు వియత్నాం యుద్ధం తర్వాత 1980లో తమ జబ్బుల జాబితాలో చేర్చిన పేరది. మా ఊరి భాషలో చెప్పాలంటే పెద్దవాళ్ళు జడుసుకోవడం. దీనికి ఈఎండీఆర్ అని ఒక వైద్యం ఉంది, చేద్దామన్నారు. ఎలా చేస్తారని అడిగితే, జరిగినదాన్ని తల్చుకుంటూ ఉంటే నేను వేళ్ళు అటూ ఇటూ కదుపుతాను, అతను కళ్ళతో వాటిని చూస్తూ ఉంటాడు అని చెప్పారు.

నాకు లోపల నవ్వొచ్చింది. ఆ రాత్రి కూర్చుని పది నిమిషాలు గూగుల్ చేశా. ఇదంతా బూటకపు సైన్సు అని రాసిన పేజీ ఒకటి దొరికింది. మనకి కావల్సిందే దొరికితే ఇంకో పేజీ ఎందుకు తెరుస్తాం? మర్నాడు చిన్నమ్మకి ఫోన్ చేసి చెప్పేశా: "గిది తాయెత్తు లెక్కనే చిన్నమ్మా. ఫీజు ఎక్కువ, గంతే. ఒద్దు." చిన్నమ్మ మారు మాట్లాడలేదు. ఇంట్లో ఇంజనీరు నేను. నేను వద్దంటే వద్దు.

అలా పది నెలలు గడిచాయి. ఆ పది నెలలూ వాడు ఎలా ఉన్నాడో నేను హైదరాబాద్‌లో ఉండి చూడలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశా. పదిహేను కిలోల బరువు తగ్గాడు. చనిపోయిన దోస్తు ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సొస్తుందని బజారుకి కూడా వెళ్ళడం మానేశాడు. అప్పుడు కూర్చుని, ఈసారి పది నిమిషాలు కాదు, పది రోజులు చదివాను. చదివింది చెప్తాను. మీలో చాలామందికి టెస్టింగ్ అంటే ఏమిటో తెలుసు కాబట్టి తొందరగానే అర్థమవుతుంది.

దీని పుట్టుకే అనుమానాస్పదంగా ఉంటుంది. 1987లో కాలిఫోర్నియాలో ఫ్రాన్సీన్ షాపిరో అనే ఆవిడ పార్కులో నడుస్తోంది. బాధపెట్టే ఆలోచనలేవో వస్తున్నాయి. కాసేపటికి వాటి పదును తగ్గింది. ఆ సమయంలో తన కళ్ళు అటూ ఇటూ చకచకా కదులుతున్నాయని గమనించింది. 1989లో 22 మంది మీద చేసిన ప్రయోగాన్ని ప్రచురించింది. ఒక్క సిట్టింగులోనే పాత జ్ఞాపకాల బాధ బాగా తగ్గిందని అందులో చెప్పింది. వైద్యం కనిపెట్టినావిడే, చేసినావిడే, కొలిచినావిడే! కోడ్ రాసినవాడే టెస్ట్ చేసి పాస్ అని రాసుకున్నట్టు. ఎవరికైనా అనుమానం రాకపోతే ఆశ్చర్యం. దానికి తోడు తర్వాతి పదేళ్ళలో ట్రైనింగు కోర్సులు, సర్టిఫికెట్లు ఆధారాల కంటే వేగంగా పెరిగాయి. హార్వర్డ్ ప్రొఫెసర్ రిచర్డ్ మెక్‌నాలీ 1999లో దీన్ని పద్దెనిమిదో శతాబ్దంలో మెస్మర్ చేసిన మాగ్నెటిజం వైద్యంతో పోల్చాడు. నేను చదివిన పేజీ ఈ కాలపు విమర్శలతో నిండి ఉంది. అది అబద్ధం చెప్పలేదు. కానీ కథ అక్కడ ఆగిపోలేదు.

ఆ తర్వాత వేరేవాళ్ళు పరీక్షించడం మొదలుపెట్టారు. బెసెల్ వాన్ డెర్ కోక్ బృందం 2007లో 88 మందిని మూడు గుంపులుగా చేసి, ఒకరికి ఈఎండీఆర్, ఒకరికి ఫ్లూఆక్సెటీన్ మాత్ర, ఒకరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చింది. వైద్యం ఆపేసిన ఆరు నెలలకి మళ్ళీ చూస్తే, పెద్దయ్యాక దెబ్బతిని ఈఎండీఆర్ చేయించుకున్నవాళ్ళలో 75 శాతం మందికి లక్షణాలు దాదాపు లేవు. చిన్నతనంలోనే దెబ్బతిన్నవాళ్ళలో అది 33 శాతమే. ఫ్లూఆక్సెటీన్ గుంపులో ఆ స్థాయికి చేరినవాళ్ళు ఒక్కరూ లేరు. చిన్న ప్రయోగమే, కానీ రెండు సంగతులు చెబుతుంది. మాత్ర ఆపితే దాని ప్రభావం నిలవలేదు, దీనిది నిలిచింది. రెండోది, ఒక్కసారి జరిగిన ప్రమాదానికీ, ఏళ్ళ తరబడి చిన్నప్పుడు పడ్డ హింసకీ ఒకే లెక్క పనిచేయదు.

2013లో కోక్రేన్ వాళ్ళు 70 ప్రయోగాలను, అంటే 4,761 మంది ఫలితాలను కలిపి చూశారు. దెబ్బతిన్న జ్ఞాపకం మీదే పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఈఎండీఆర్, రెండూ ఏమీ చేయకపోవడం కంటే మెరుగు, రెండింటి మధ్యా పెద్ద తేడా లేదు అని తేల్చారు. అదే నోటితో, ఆ ప్రయోగాల నాణ్యత చాలా తక్కువ అని కూడా చెప్పారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళ పీటీఎస్‌డీకి ఈ రెండింటినీ సిఫారసు చేసింది. బ్రిటన్‌లో నైస్ 2018లో ఇమ్మంది, కానీ యుద్ధంలో కాకుండా వేరేచోట దెబ్బతిన్నవాళ్ళకే. అమెరికాలో మాజీ సైనికుల శాఖ, రక్షణ శాఖ కలిసి 2023లో వేసిన మార్గదర్శకాల్లో ముందు వరసలో పెట్టిన మూడు థెరపీల్లో ఇదొకటి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మాత్రం 2017లో మిగతావాటిని గట్టిగా సిఫారసు చేసి, దీన్ని ఒక మెట్టు కింద పెట్టింది.

అంటే తాయెత్తు కాదన్నమాట. అలాగని అంతా సాఫీగా తేలిపోలేదు. పిమ్ కైపర్స్ బృందం 2020లో 76 ప్రయోగాలను జల్లెడ పట్టి, పీటీఎస్‌డీకి తక్కువ కాలంలో పనిచేస్తున్నట్టే ఉంది గానీ చాలా ప్రయోగాల్లో పక్షపాతం చొరబడే సందులున్నాయి అంది. సైకోథెరపీలో ఉత్తుత్తి మాత్రలాంటిది తయారు చేయడం కష్టం. వైద్యం చేసేవాడికీ చేయించుకునేవాడికీ ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. ఆ బలహీనత దీనికొక్కదానికే కాదు, మాటలతో చేసే అన్ని వైద్యాలకీ ఉంది. 2024లో ఎనిమిది ప్రయోగాల్లోని 346 మంది వివరాలను మనిషి మనిషికీ విడిగా తీసుకుని మళ్ళీ లెక్కకడితే, ఈఎండీఆర్ మిగతా థెరపీలతో సమానంగా నిలిచింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

మరి కళ్ళ సంగతేమిటి? నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇదే. ఒక సిస్టమ్ పనిచేస్తోంది, కానీ అందులో ఏ మాడ్యూల్ వల్ల పనిచేస్తోందో తెలియాలంటే మనమేం చేస్తాం? ఒక్కొక్కటీ తీసేసి చూస్తాం. వీళ్ళూ అదే చేశారు. 2001లో డేవిడ్‌సన్, పార్కర్ అప్పటిదాకా వచ్చిన 34 అధ్యయనాలు కలిపి చూసి, కళ్ళు కదపకుండా చేసినా ఫలితం అంతే వస్తోంది అన్నారు. 2013లో క్రిస్ లీ, కైపర్స్ 26 ప్రయోగాలు చూసి, లేదు, కళ్ళ కదలిక వల్ల అదనపు లాభం ఉంది అన్నారు. 2016లో జర్మనీలో మార్టిన్ జాక్ బృందం 139 మంది రోగులతో నేరుగా తేల్చుకుందామనుకుంది. ఒక గుంపు కదిలే చేతిని చూస్తూ జ్ఞాపకం తల్చుకుంది, ఒక గుంపు కదలని చేతిని చూస్తూ, ఇంకో గుంపు దేన్నీ చూడకుండా. మూడు గుంపులూ మెరుగయ్యాయి. చేతిని చూసిన రెండు గుంపులూ ఎక్కువ మెరుగయ్యాయి. ఆ చెయ్యి కదిలినా కదలకపోయినా తేడా రాలేదు!

దీనికి నాకు నచ్చిన వివరణ ఏమిటంటే, మన బుర్రలో అప్పటికప్పుడు పనిచేసే మెమరీ చాలా చిన్నది. మీ లాప్‌టాప్‌లో ర్యామ్ అనుకోండి. భయంకరమైన దృశ్యాన్ని అందులోకి తెచ్చుకుంటే అది మొత్తం ఆక్రమిస్తుంది. అదే సమయంలో కంటికి ఇంకో పని పెడితే దృశ్యానికి చోటు సరిపోదు, అందుకని మసకబారుతుంది. మళ్ళీ దాచుకునేటప్పుడు ఆ మసకబారిన రూపం దాచుకుంటుంది. నెదర్లాండ్స్‌లో మార్సెల్ వాన్ డెన్ హౌట్ లాంటివాళ్ళు దీని మీద ఎన్నో లాబ్ పరీక్షలు చేశారు. కళ్ళు కదపడం బదులు వెనక్కి లెక్కపెట్టడం లాంటి పనులు ఇచ్చినా దృశ్యం పదును తగ్గింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం 2009లో భయంకరమైన సినిమా దృశ్యాలు చూపించి, అరగంట తర్వాత కొందరి చేత టెట్రిస్ ఆడిస్తే, తర్వాతి వారంలో వాళ్ళకి ఆ దృశ్యాలు తక్కువసార్లు గుర్తొచ్చాయి. ర్యామ్ పోలిక పూర్తిగా సరిపోదు, మెదడు మనం కొన్న హార్డ్‌వేర్ కాదు. కానీ ఇందులో మంత్రం లేదని చెప్పడానికి చాలు.

అదలా ఉంచి, 2019 ఫిబ్రవరిలో తమ్ముణ్ణి మళ్ళీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. పది నెలలు ఎందుకు రాలేదని ఆవిడ అడగలేదు. అడుగుతారేమోనని నేను జవాబు తయారు చేసుకుని వెళ్ళాను, అది వేరే సంగతి.

మొదటి రెండు సిట్టింగుల్లో కళ్ళ మాటే లేదు. వాడి కథ విన్నారు, తట్టుకోలేనప్పుడు మనసుని ఎక్కడ ఆనించాలో నేర్పారు. మా ఊరి చెరువుగట్టు మీద చింతచెట్టు కింద కూర్చున్నట్టు ఊహించుకుంటా అన్నాడట. మూడోసారి అసలు పని. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే ఒక్క దృశ్యం ఏది? దాన్ని తల్చుకుంటే నీ గురించి నీకేమనిపిస్తుంది? బాధ సున్నా నుంచి పది దాకా ఎంత? ఇవీ ప్రశ్నలు. ఆవిడ ముందు ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నట్టే అడగబోయి, వాడి మొహం చూసి తెలుగులోకి వచ్చారట. వాడు చెప్పిన జవాబు, "నేనే సంపిన."

ఇంతకాలం మాకెవరికీ తెలియనిది అప్పుడు బయటికొచ్చింది. ఆ రోజు దోస్తుకి హైదరాబాద్‌లో పనేమీ లేదు. "నిద్రొస్తుందిరా, తోడు రా" అని వీడే లేపి తీసుకెళ్ళాడు. లారీ లైట్లు, కొత్తిమీర వాసన, అన్నిటి వెనకా ఉన్నది ఈ ఒక్క మాట. ఏడాది దాటినా ఎవరితోనూ అనలేదు. మేం అడగలేదు, "చెయ్యి ఎట్లుంది" అనే అడిగాం.

ఆ మాటని, ఆ దృశ్యాన్ని పట్టుకుని ఉండగా ఆవిడ వేళ్ళు కదిపేవారు. అరనిమిషం కదిపి ఆపి, "ఇప్పుడేం వచ్చింది?" అని అడుగుతారు. వచ్చింది చెప్పాలి, ఒక్క మాటైనా చాలు. మళ్ళీ కదుపుతారు. గంటా గంటన్నర. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వైద్యాన్ని సిఫారసు చేస్తూ చెప్పిన తేడా కూడా ఇదే. ఇందులో జరిగినదంతా వివరంగా వర్ణించనక్కర్లేదు, గంటల తరబడి ఆ భయంలో కూర్చోబెట్టరు, ఇంటికెళ్ళి చేయాల్సిన హోమ్‌వర్కు ఉండదు. మావాడిలాంటి మనుషులకి, అంటే మనసులో మాట చెప్పుకోవడం మగాడి పని కాదనుకుని పెరిగినవాళ్ళకి, ఇది చిన్న సౌకర్యం కాదు. ఇంకో థెరపీ అయితే రెండోసారి వచ్చేవాడు కాదని నా నమ్మకం.

నాలుగో సిట్టింగు తర్వాత వాడి పరిస్థితి ఇంకా పాడైంది. రెండు రాత్రులు నిద్ర లేదు. నాకు మళ్ళీ పాత అనుమానం తిరగబెట్టింది. ఆవిడకి ఫోన్ చేస్తే, ఇలా జరుగుతుంది, రాకుండా మాత్రం ఉండనివ్వకండి అన్నారు. ఆరోసారి బయటికొచ్చి, క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ వాడంతట వాడే అన్నాడు: "అన్నా, నేను రమ్మన్న మాట నిజమే. గని నేను సంపలే. లారీ వచ్చి గుద్దింది." ఇది మేమందరం వాడికి వందసార్లు చెప్పిన మాటే. మేం చెబితే చెవిదాకా పోయింది. ఈసారి లోపలికి పోయింది.

మొత్తం తొమ్మిది సిట్టింగులు. మొదట తొమ్మిది అన్న బాధ చివరికి రెండు అన్నాడు. సున్నా కాలేదు. సున్నా ఎందుకు కావాలి, దోస్తు పోయాడు కదా. దోస్తు ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మ దగ్గర కూర్చుని వచ్చాడు. ఏడాది తర్వాత మళ్ళీ బండి కొన్నాడు. పగటి పూటే నడుపుతాడు. చీకట్లో ఇప్పటికీ నడపడు.

ఇదంతా చదివి, "చూశారా, పనిచేసింది" అని నేనంటే నా మొదటి తప్పే మళ్ళీ చేసినట్టు. ఒక్క మనిషి కథ రుజువు కాదు. కాలం గడిచి తగ్గిందేమో, శ్రద్ధగా వినే మనిషి దొరికినందుకు తగ్గిందేమో, నేను ఈసారి ప్రతివారం లీవు పెట్టి వెంట వెళ్ళినందుకేమో. మావాడి విషయంలో ఏది కారణమో చెప్పడానికి ఇంకో తమ్ముణ్ణి వైద్యం లేకుండా ఉంచి పోల్చలేం. అందుకే ప్రయోగాలు. ఆ ప్రయోగాలు చెప్పేది నాకు అర్థమైనంతలో ఇంతే: జ్ఞాపకాన్ని తప్పించుకు తిరగకుండా, తెలిసిన మనిషి తోడుగా, మోయగలిగినంత మోతాదులో దాన్ని ఎదుర్కొంటే చాలామందికి తగ్గుతుంది. అలా ఎదుర్కొనే దారుల్లో ఈఎండీఆర్ ఒకటి. కళ్ళు తిప్పడం దాని అసలు గుట్టో కాదో ఇంకా వాదన నడుస్తోంది. అది తేలేదాకా మావాడు ఆగాల్సిన అవసరం లేదు. నేను ఆపాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, 2025 నవంబరు 3, సోమవారం. తాండూరు డిపో బస్సు హైదరాబాద్ వెళ్తుంటే చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ వచ్చి గుద్దింది. కంకర మొత్తం బస్సులోకి పడింది. 19 మంది చనిపోయారు. మా వికారాబాద్ జిల్లాలో ఆ దారిన హైదరాబాద్ వెళ్ళనివాళ్ళు తక్కువ. ఆ రోజంతా వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలే. రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. వీడికి మళ్ళీ మొదలైందేమోనని నా గుండె జారింది. "పొద్దుగాల్నుంచి ఫోన్ బంద్ పెట్టిన అన్నా, వీడియోలు చూడలే, మంచిగనే ఉన్న" అన్నాడు. కాసేపాగి అడిగాడు: "ఆ బస్సుల బతికినోళ్ళని ఎవలన్న తీస్కపోతరా అన్నా, నన్ను తీస్కపోయినట్టు?"

ఏం చెప్పను. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ళకి ఎక్స్‌గ్రేషియా, గాయపడ్డవాళ్ళకి కట్లు. ఒంటి మీద గీత పడకుండా దిగి ఇంటికెళ్ళినవాళ్ళు ఏ లెక్కలోనూ ఉండరు. 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక జబ్బులున్నవాళ్ళలో జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు.

అలాగని ప్రమాదం చూసినవాళ్ళందర్నీ మర్నాడే కూర్చోబెట్టి చెప్పు చెప్పు అనడం కూడా తప్పే. అలా ఒకసారి కూర్చోబెట్టి కక్కించడం వల్ల లాభం లేదని తేలింది, నైస్ కూడా వద్దంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి దెబ్బ తినేవాళ్ళు సుమారు 70 శాతం, వాళ్ళలో పీటీఎస్‌డీ దాకా వెళ్ళేది 5.6 శాతమే. ఎక్కువమందికి ఇంటి మనుషులు, నిద్ర, పని, కాలం చాలు. నా బావి భయం తగ్గింది బహుశా అలాగే. పక్కన పడుకుని చెయ్యి పట్టుకున్న నాయనమ్మ వల్ల సగం, రోజులు గడిచి సగం. తాయెత్తుని నేనిప్పుడు ఎగతాళి చేయను. కానీ నెల దాటినా నిద్ర లేకపోతే, ఒక దారినో, వాసననో, మనిషినో తప్పించుకు తిరుగుతుంటే, అది తాయెత్తుకి తగ్గేది కాదు, "ధైర్యంగా ఉండు" అంటే తగ్గేది కాదు.

అప్పుడేం చేయాలి? 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఉంది. 14416 నంబరు, డబ్బులు లేవు, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు చెబితే ఊళ్ళో నవ్వుతారని భయపడేవాళ్ళని నేనెరుగుదును, నవ్వనివ్వండి. ప్రైవేటుకి వెళ్తే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా, పీటీఎస్‌డీకి ఏ థెరపీలో ట్రైనింగ్ తీసుకున్నారు, మా భాషలో చేయగలరా అని అడగండి. ఈఎండీఆరే కావాలని పట్టుబట్టనక్కర్లేదు, జ్ఞాపకం మీద పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేసేవాళ్ళు దొరికినా అంతే మంచిది. ఒక్క సిట్టింగులో మాయం చేస్తామనేవాళ్ళ దగ్గర మాత్రం లేచి వచ్చేయండి. యూట్యూబ్‌లో అటూ ఇటూ తిరిగే లైటు వీడియోలు పెట్టుకుని సొంతంగా ప్రయత్నించకండి. మావాడి నాలుగో సిట్టింగు తర్వాతి రెండు రాత్రులు నాకు గుర్తున్నాయి.

చివరిగా మనలాంటివాళ్ళకి ఒక్క మాట. మన ఊళ్ళల్లో, మన ఇళ్ళల్లో మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి అన్నీ తెలుసనుకుంటారు. ఏ ఫోన్ కొనాలి దగ్గర్నుంచి ఏ ఆపరేషన్ చేయించుకోవాలి దాకా మనల్నే అడుగుతారు. ఆఫీసులో ఒక లైబ్రరీ వాడాలా వద్దా అని తేల్చడానికి వారం చదువుతాం. చిన్నమ్మ అడిగితే పది నిమిషాల్లో చెప్పేస్తాం. అనుమానించడం తప్పు కాదు, ఇప్పటికీ ఈఎండీఆర్ మీద నాకు అనుమానాలున్నాయి. అనుమానం వచ్చాక సగంలో ఆగిపోవడం తప్పు.

పోయిన నెల ఊరెళితే చిన్నమ్మ పప్పుచారు పెట్టింది. పైన కొత్తిమీర వేసి ఉంది. తమ్ముడు నా పక్కనే కూర్చుని తిన్నాడు. నేను ఆ సంగతి ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. చిన్నమ్మ మాత్రం నా వైపు ఒకసారి చూసి, ఇంకో గరిటె వడ్డించింది.